పదకొండు గంటల హాజరు

జయరామప్ప గారిని మొదటిసారి చూసిన రోజు నేను ఆయన్ని అటెండరు అనుకున్నాను. మా కారు ఆగగానే గేటు దగ్గర్నుంచి పరుగున వచ్చి తలుపు తీశారు. నేను నా బ్యాగు ఆయన చేతికిచ్చి, "ప్రిన్సిపాల్ గారి రూమ్ ఎక్కడండీ?" అని అడిగాను. ఆయన బ్యాగు మోసుకుంటూ ముందు నడిచి, గదిలో కుర్చీ తుడిచి వేసి, కాఫీ తెప్పించి, అప్పుడు చెప్పారు. "ప్రిన్సిపాలు మూడు కాలేజీలకీ ఒక్కరేనమ్మా, నెలకొక తూరి వస్తారు. మిగతా దినాలు నేనే చూసుకొనేది. చరిత్ర పాఠం కూడా నేనే." నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే కప్పులు అందిస్తున్నారు.

నా పేరు వరూధిని. మాది ఒంగోలు, ఉండేది మారతహళ్ళిలో. రాబోయే ఇరవై అయిదేళ్ళలో దేశంలో ఉన్నత విద్య ఎలా ఉండాలో ఢిల్లీలో ఒక కమిటీ ప్రణాళిక వేస్తోంది. దక్షిణాది కాలేజీలు చూసివచ్చి, ఏది ఉండాలి, ఏది పెరగాలి, ఏది ఇంకోదానిలో కలిసిపోవాలి అని ఆ కమిటీకి రాసి పంపే పని మా ఆఫీసుది. అందులో రాసే మనిషిని నేను. ఇరవై అయిదేళ్ళ తర్వాత ఎంతమంది పిల్లలు డిగ్రీ చదువుతుంటారని మా ఆఫీసులో అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఇవాళ ఎవరు చదువుతున్నారని అడిగితే మాత్రం ఫైలు వెతకాలి. ఇప్పుడు ఎకసెక్కంగా అంటున్నాను గానీ అప్పట్లో ఆ ఉద్యోగమంటే నాకు మహా గర్వం. దేశం భవిష్యత్తు రాస్తున్నానని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

జయరామప్ప గారిది మాలూరు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పదిహేడో ఏట బొమ్మసంద్రలో ఇనుము పోతపోసే కార్ఖానాలో చేరారు. పగలంతా అక్కడ పనిచేసి, సాయంత్రం బస్సెక్కి నగరంలోకి పోయి, అక్కడి సాయంకాల కాలేజీలో బి.ఏ. చదివారు. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి నిద్రపోవడం తనకు అన్నిటికంటే బాగా వచ్చిన విద్య అని నవ్వుతారు. ఎం.ఏ. దూరవిద్యలో చేశారు. ముప్పై రెండో ఏట హెబ్బగోడిలో సాయంకాల డిగ్రీ కాలేజీ తెరిస్తే, కార్ఖానా వదిలేసి అందులో అతిథి ఉపన్యాసకుడుగా చేరారు. ఇరవై రెండేళ్ళయింది, ఇంకా అతిథే. ఏటా జూలైలో ఒక జాబితా వస్తుంది. అందులో పేరుంటే ఇంకో ఏడాది పాఠం చెప్పుకోవచ్చు. ఏ అతిథికీ పట్టని అవస్థ ఇది.

ఆ కాలేజీకి సొంత కట్టడం లేదు. హైస్కూలు పిల్లలు ఇళ్ళకు పోయాక వాళ్ళ బెంచీల మీద ఆరు నుంచి తొమ్మిది దాకా క్లాసులు. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని సంజె కాలేజి అంటారు. చదివేది రెండు వందల ముప్పై ఆరు మంది, అందరూ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే. సర్క్యూట్ బోర్డులు అతికేవాళ్ళు, చొక్కాలు కుట్టేవాళ్ళు, మందుల డబ్బాలు ప్యాక్ చేసేవాళ్ళు. వాళ్ళకు షిఫ్టు వారానికొకసారి మారుతుంది. పొద్దుటి షిఫ్టు వాళ్ళు పని దిగి నేరుగా క్లాసుకు వస్తారు. రాత్రి షిఫ్టు వాళ్ళు క్లాసు అయ్యాక పనికి పోతారు. మధ్యాహ్నం షిఫ్టు పడ్డ వారం మాత్రం రావడానికి వీలుపడదు. వాళ్ళకోసం జయరామప్ప గారు ఆదివారం అదే పాఠం మళ్ళీ చెబుతారు. షిఫ్టుకొక హాజరు పుస్తకం, మొత్తం మూడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆదివారం ఇంట్లో ఉన్నది తక్కువ.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. చూడ్డానికి వెళ్ళిన రోజు తెలియలేదు. చూడ్డమే మా పని, అయినా తెలియలేదు.

మేం వెళ్ళింది దసరా సెలవుల్లో. సాయంకాల కాలేజీని సాయంత్రం చూడాలని ఎవరికైనా తోస్తుంది. కానీ సాయంత్రం హోసూరు రోడ్డు మీద ఇరుక్కుంటే మళ్ళీ ఇల్లు చేరేదెప్పుడు? మా పెద్దాయన, రిటైరయిన ప్రొఫెసర్ చంద్రశేఖర్ గారు, "లెవెన్ ఓ క్లాక్ పెట్టేయండి, వాళ్ళే అడ్జస్ట్ అవుతారు" అన్నారు. నేనే ఆ ఉత్తరం టైపు చేసి పంపాను. ఉదయం పదకొండు గంటలకు సందర్శన, విద్యార్థుల హాజరు పరిశీలిస్తాము.

వెళ్ళేసరికి గదులన్నీ నిండి ఉన్నాయి. రెండు వందల పదకొండు మంది, నేనే లెక్కపెట్టాను. ఆడపిల్లలు తలల్లో పూలు పెట్టుకున్నారు, అబ్బాయిలవి ఇస్త్రీ చొక్కాలు. చంద్రశేఖర్ గారు ముచ్చటపడి, "మీరందరూ రోజూ కాలేజీకి వస్తారా?" అని అడిగారు. "వస్తాము సార్" అని ఒకే గొంతుతో అన్నారు. "చదువు ఇష్టమేనా?" "ఇష్టమే సార్." మూడో వరుసలో ఒక అమ్మాయి బెంచీ మీద తల వాల్చి నిద్రపోతోంది. పక్కనున్న అమ్మాయి గిల్లితే ఉలిక్కిపడి లేచింది. ఈ వయసులో ఇంత బద్ధకమేమిటి అనుకున్నాను నేను. ఆ పిల్ల పొద్దున ఆరింటిదాకా బోర్డుల మీద సీసం అతికి వచ్చిందని నాకేం తెలుసు? అడిగితే తెలిసేది. నేను అడగలేదు.

మా ఫారంలో ఒక ప్రశ్న ఉంది. "విద్యార్థులు పగటిపూట అందుబాటులో ఉంటారా?" అవును దగ్గర టిక్కు పెట్టాను. కళ్ళముందు పగటిపూట కూర్చుని ఉన్నారు, ఇంకేం పెడతాను? మధ్యాహ్నం జయరామప్ప గారి భార్య సొన్నమ్మ గారు ఇంటినుంచి వంట తెచ్చి మాకు ఆకులేసి వడ్డించారు. "మూడు దినాలుగా నిద్ర లేదమ్మా ఆయప్పకు. కూతురి పెండ్లప్పుడు కూడా ఇంత ఆరాటపడలేదు" అన్నారామె. కారెక్కాక చంద్రశేఖర్ గారు నాతో, "పాపం మంచి పిల్లలు. బిల్డింగ్ లేక సాయంత్రాలు అవస్థ పడుతున్నారు. వీళ్ళని పెద్ద క్యాంపస్‌లోకి మారిస్తే లైబ్రరీ, ల్యాబ్, అన్నీ ఉంటాయి" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేనూ మంచికే రాశాను. విద్యార్థులు పగటిపూట అందుబాటులో ఉన్నందున సాయంకాల తరగతుల అవసరం లేదు, రెండేళ్ళలో సర్జాపుర వైపున్న పగటి కాలేజీలో కలిపివేయవచ్చు.

ముసాయిదా అన్ని కాలేజీలకూ పంపాం. మూడు వందల పేజీలు, అన్నీ ఇంగ్లీషులోనే. ఎవరూ చదవరని మా అందరికీ తెలుసు. జయరామప్ప గారు ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుని, నాలుగు రోజులు కూర్చుని, మొత్తం చదివారు. ఫిబ్రవరిలో ఒకరోజు మారతహళ్ళిలో మా ఆఫీసుకు వచ్చారు. వెంట ఫైనలియర్ చదివే సుమ ఉంది. ఆరోజు బెంచీ మీద నిద్రపోయిన అమ్మాయే.

"మేడమ్మా, పగలు పెడితే ఒక్కరు కూడా రాలేరు" అన్నారాయన కూర్చోకుండానే. "వాళ్ళంతా పనికి పోయేవాళ్ళు. పని ఇడిస్తే బాడుగ రూము కూడా ఇడవల్ల. ఊరికి పోవల్సిందే."

"మరి ఆరోజు పదకొండింటికి ఎలా వచ్చారు సార్?"

ఆయన తల దించుకున్నారు. సుమ చెప్పింది. "సార్ రమ్మన్నారు మేడమ్. పొద్దుటి షిఫ్టోళ్ళు పనికి రజా పెట్టి వచ్చినారు. రాత్రి షిఫ్టోళ్ళము పండుకోకుండా వచ్చినాము. కంపెనీ కార్డులు లోపల పెట్టుకోమన్నారు, ఫ్యాక్టరీ మాట ఎత్తొద్దన్నారు."

"ఎందుకు సార్?" అని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"పెద్దోళ్ళు ఇంటికి వస్తా ఉంటే ఇల్లు ఖాళీగా పెడతామా అమ్మా?" అన్నారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ఎనిమిదేళ్ళ కిందట ఇంకెవరో చూడ్డానికి వచ్చారట. సాయంత్రమే వచ్చారు. పిల్లలు యూనిఫారాల్లో, నూనె చేతులతో ఉన్నారు. వచ్చినవాళ్ళు పుస్తకంలో రాసిపోయారు, వీళ్ళు కార్మికులు, విద్యార్థులు కారు అని. "ఆ మాట నాకు చెప్పుతో కొట్టినట్ల తగిలిందమ్మా. ఈ తూరి మా పిల్లోళ్ళను చూస్తే స్టూడెంట్లు అనే అనుకోవల్ల అని నేనే అట్ల చేసినాను. సాయంకాల కాలేజి అని బోర్డు మీదే రాసి ఉండాది కదా, పగలు పనికి పోతారని మీకు తెలిసే ఉంటాదనుకున్నా."

సుమ నా బల్ల మీదున్న ముసాయిదా అట్ట చూస్తోంది. ఇరవై అయిదేళ్ళలో ప్రతి ఇద్దరు యువతీయువకుల్లో ఒకరు కాలేజీలో ఉండాలి అని మా లక్ష్యం అట్ట మీదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. "ఈ ఒకరు అంటే మాలాంటోళ్ళు కూడానా మేడమ్?" అని అడిగింది. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది. "మీరే" అన్నాను.

తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యమేస్తుంది. "సార్, జరిగింది జరిగినట్టు ఒక ఉత్తరం రాసివ్వండి, నేను మార్పిస్తాను" అన్నాను. ఆయన తటపటాయించారు. "నిజం రాయడానికి భయమెందుకు సార్?" అన్నాను. కంప్యూటర్ ముందు నేనే కూర్చుని, ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. సందర్శన రోజున విద్యార్థులను ప్రత్యేకంగా పిలిపించి కూర్చోబెట్టాను, మామూలు రోజుల్లో వారు పగలు రాలేరు, వారంతా ఉద్యోగస్థులు, కాబట్టి కాలేజీని సాయంత్రమే కొనసాగించాలని కోరుతున్నాను. ఆయన మెల్లగా, గుండ్రంగా సంతకం పెట్టి, సాక్ష్యానికి మూడు హాజరు పుస్తకాలూ నాకిచ్చి వెళ్ళారు. లిఫ్టుదాకా దిగబెట్టి వచ్చి, మంచిపని చేశానని హాయిగా టీ తాగాను.

చంద్రశేఖర్ గారు ఉత్తరం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, "దీని మీనింగ్ ఏంటో తెలుసా వరూధినీ?" అన్నారు. "మనకు చూపించిన అటెండెన్స్ అరేంజ్ చేసింది. ఆయనే రిటెన్‌గా ఇచ్చాడు."

"సార్, పిల్లలు నిజమైన పిల్లలే. వచ్చిన టైమే వాళ్ళది కాదు."

"అది మనకెలా తెలుసు? రెండు వందల పదకొండులో ఎంతమంది స్టూడెంట్సో, ఎంతమంది ఊళ్ళో వాళ్ళో?"

హాజరు పుస్తకాలు ముందు పెట్టాను. ఆయన తెరవలేదు. "ఇవి రాసింది కూడా ఆయనే కదమ్మా" అన్నారు.

సాయంత్రం ఒకసారి వెళ్ళి చూద్దాం సార్ అన్నాను. మార్చి పదికి ఢిల్లీకి పంపాలి, ఇంకా నలభై కాలేజీలున్నాయి అన్నారు. సరే, ఉత్తరం చించేసి పాత వాక్యమే ఉంచేద్దాం అన్నాను. అంతకు దిగజారాను. విలీనమైతే కనీసం రెండేళ్ళు గడువుంటుంది, ఇంకో రెండు బ్యాచిలు లోపలికి వస్తాయి. చంద్రశేఖర్ గారు నన్ను చూసిన చూపులో కోపం కూడా లేదు. "ఇన్‌వార్డ్ నంబర్ పడింది. ఇప్పుడు చించితే నీ ఉద్యోగం, నా పరువు రెండూ పోతాయి" అన్నారు. ఆ నంబరు వేయించింది కూడా నేనే, ఉత్తరం ఎక్కడైనా పోతుందేమోనని.

మా ఫారంలో అలాంటి కాలేజీలకు వేరే గడి ఉంది. సమాచారం నమ్మదగినది కాదు. ఆ గడిలో పడితే విలీనం ఉండదు, గడువూ ఉండదు. వచ్చే విద్యాసంవత్సరం నుంచి కొత్త చేరికలు ఆపాలి, ఉన్నవాళ్ళు ఎక్కడైనా సర్దుకోవాలి, తప్పుడు హాజరు చూపించిన వ్యక్తిని మళ్ళీ పనిలోకి తీసుకోరాదు. ఆ మూడు వాక్యాలూ చంద్రశేఖర్ గారు పక్కన నిలబడి చెబుతుంటే నా చేతులతోనే కొట్టాను. కాదని లేచిపోవచ్చు కదా అంటారు మీరు. లేచిపోలేదు. నాకు ఉద్యోగం కావాలి.

ఈ మాట ఫోనులో చెప్పే ధైర్యం లేక శుక్రవారం సాయంత్రం హెబ్బగోడి వెళ్ళాను. మెట్రో దిగి నడుస్తుంటే షిఫ్టు బస్సులు దుమ్ము లేపుకుంటూ ఆగుతున్నాయి. దిగినవాళ్ళు దిగినట్టే హైస్కూలు గేటులోకి పోతున్నారు. చేతిలో టిఫిన్ డబ్బా, దానిమీద నోటు పుస్తకం. ఆరింటికి మూడు గదులూ నిండాయి. ఈసారి ఎవరూ పూలు పెట్టుకోలేదు. యూనిఫారాలు, మెడలో కంపెనీ కార్డులు. ఈ దృశ్యం చూడ్డానికి మాకు మూడు గంటల తీరిక దొరకలేదు. గుమ్మంలో నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

జయరామప్ప గారు నన్ను చూసి సుద్దముక్క కింద పెట్టారు. "లేయండప్పా లేయండి. మన కాలేజిని నిలబెట్టేదానికి పోరాడతా ఉండే మేడమ్మ వచ్చినారు" అన్నారు. డెబ్బై మంది లేచి చప్పట్లు కొట్టారు. నేను వద్దు వద్దంటున్నా ఆపలేదు. ఆ చప్పట్ల మధ్య నిలబడ్డంత సిగ్గుగా నేను నా జీవితంలో ఎప్పుడూ నిలబడలేదు.

"సార్, బయటికి రండి ఒక్క నిమిషం" అన్నాను.

వరండాలో అంతా చెప్పాను. దాచకుండా, నేను టైపు చేసిన సంగతితో సహా. ఆయన గోడకు ఆనుకుని విన్నారు. తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "నన్ను తీసేసేది సరేమ్మా, నేను చేసినాను. పిల్లోళ్ళు ఏం చేసినారు?" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు. "ఈ పిల్లోళ్ళు నిజంగా చదువుతా ఉండారని ఇరవై రెండేండ్లుగా అందరికీ చెప్తా ఉండాను, ఎవరూ నమ్మలేదు. నేను తప్పు చేసినానంటే మాత్రం ఒక్క దినంలో నమ్మేసినారు."

"క్షమించండి సార్" అన్నాను. ఎంత చిన్న మాటో అంటున్నప్పుడే తెలిసింది.

"లోపల చెప్పొద్దు తల్లీ. ఇంగ మూడు వారాల్లో పరీక్షలుండాయి. ఈ పొద్దు చెప్తే రేపు సగంమంది రారు." పంచె కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని లోపలికి పోయారు. కిటికీలోంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది, ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలుపెట్టారు.

నేను గేటు దాటబోతుంటే సుమ వెనక పరుగెత్తుకొచ్చింది. రాత్రి షిఫ్టేమో, కంపెనీ జాకెట్టు భుజాన ఉంది. "మేడమ్, ఒక మాట. మా చెల్లెలు పీయూసీ ముగించినాది. నాతోటి కంపెనీలో పెట్టిస్తా ఉండాను. జూన్‌లో ఇక్కడే బీకాంలో చేరుస్తాను. మీరుండారు కదా, సీటుంటాది కదా మేడమ్?" అని అడిగింది.

ఉంటుంది అన్నాను.